ప్లేటులో నిరాశ.. ఇంటర్వ్యూలో జవాబు!

థీమ్ పార్కులో రైడ్లు అదిరిపోతాయి. భోజనం దగ్గరికొచ్చేసరికి మొహాలు వాడిపోతాయి. ఎందుకలా? ఈ చిన్న ప్రశ్న వెంట వెళితే ఆపరేషన్స్, డేటా, ఫుడ్ టెక్నాలజీ కొలువుల దాకా దారి కనిపిస్తుంది.

ఫైనలియర్ ట్రిప్ అనగానే మన బెజవాడ కాలేజీల్లో వినిపించే పేర్లు కొన్నే. హైదరాబాద్ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద రామోజీ ఫిల్మ్ సిటీ. ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుంటే రావిర్యాల దగ్గర 2016లో మొదలైన వండర్‌లా. అంత దూరం వద్దనుకుంటే చినకాకాని దగ్గర బౌద్ధం ఇతివృత్తంగా కట్టిన హాయ్‌ల్యాండ్, కృష్ణా నది మధ్యలో భవానీ ద్వీపం. ప్లాన్ వేసేటప్పుడు అందరూ మాట్లాడుకునేది రైడ్ల గురించే. తిండి సంగతి మధ్యాహ్నం 1 గంటకు గుర్తొస్తుంది.

అక్కడి నుంచి మొదలవుతుంది అసలు కథ. లండన్ వెళ్లొచ్చినవాళ్లని అడగండి, ఓర్లాండో వెళ్లొచ్చినవాళ్లని అడగండి. ‘పార్కు సూపర్, ఫుడ్ మాత్రం సోసో. పైగా రేటెక్కువ’ అనే మాట ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. అంటే ఇది ఒక వంటవాడి తప్పో, ఒక కంపెనీ పిసినారితనమో అని తేల్చేయలేం. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు యాజమాన్యాల కింద ఒకే రకం ఫిర్యాదు వస్తోందంటే కారణం వ్యవస్థలోనే ఉండాలి. వ్యవస్థలో కారణం వెతకగలిగినవాళ్ల కోసమే కంపెనీలు వెతుకుతుంటాయి. కాబట్టి ఆ చప్పటి ఫ్రైడ్ రైస్‌ని కాసేపు కేస్ స్టడీలా చూద్దాం.

అందరికీ ఒకేసారి ఆకలి

మామూలు హోటల్‌కి రోజంతా జనం వస్తూ పోతూ ఉంటారు. పార్కులో అలా కుదరదు. ఉదయం 10, 11 గంటలకు అందరూ గేటు దాటతారు. రెండు గంటలు తిరుగుతారు. ఎండ నడినెత్తికి రాగానే అందరికీ ఒకేసారి ఆకలేస్తుంది.

ఒక లెక్క వేసుకుందాం. అంకెలు ఉదాహరణకే. పార్కులో 5 వేల మంది ఉన్నారు. వాళ్లలో 3 వేల మంది 12.30 నుంచి 1.30 మధ్యలో తినాలనుకున్నారు. ముగ్గురికి ఒక ఆర్డర్ చొప్పున వెయ్యి ఆర్డర్లు. ఒక్కో ఆర్డర్‌కి కౌంటర్ దగ్గర 90 సెకన్లు పడుతుంది. అంటే ఒక కౌంటర్ గంటకు 40 ఆర్డర్లు తీసుకోగలదు. మొత్తం 10 కౌంటర్లుంటే 400. గంట గడిచేసరికి ఇంకా 600 ఆర్డర్లు క్యూలోనే ఉంటాయి. అవి తీరడానికి మరో గంటన్నర. చివర వచ్చినవాడి చేతికి ప్లేటు అందేసరికి మధ్యాహ్నం 3 అవుతుంది!

ఇప్పుడు అదే 3 వేల మంది 12 నుంచి 3 గంటల మధ్యలో సర్దుకుని వచ్చారనుకోండి. గంటకు 333 ఆర్డర్లు. అవే 10 కౌంటర్లు, అదే సిబ్బంది, పెద్దగా క్యూ ఉండదు. మారింది జనం వచ్చే తీరొక్కటే.

ఇంకో దారి కూడా ఉంది. మెనూ కుదించి, ముందే ఫోన్లో ఆర్డర్ పెట్టించుకుని, కౌంటర్ దగ్గర పట్టే సమయాన్ని 90 నుంచి 45 సెకన్లకు తగ్గించారు. గంటకు 800 ఆర్డర్లు తెగుతాయి. మిగిలే 200 ఆర్డర్లు 15 నిమిషాల్లో అయిపోతాయి. గంటన్నర నిరీక్షణ పావుగంటకు దిగింది. కాకపోతే ఇక్కడ చిన్న మెలిక. వంటగది కూడా గంటకు 800 ఆర్డర్లు ఇవ్వగలగాలి. లేదంటే క్యూ కౌంటర్ ముందు నుంచి కిచెన్ కిటికీ ముందుకు మారుతుంది, అంతే. అడ్డంకి ఎక్కడుందో చూడకుండా మరెక్కడో డబ్బు పోస్తే ఫలితం ఉండదన్నది ఆపరేషన్స్ క్లాసులో మొదటి పాఠం.

ఈ లెక్కలకు పునాది వేసిన సూత్రం ఒకటుంది. తర్వాత ఎంఐటీ ప్రొఫెసర్ అయిన జాన్ లిటిల్ 1961లో దానికి నిరూపణ ఇచ్చారు. అందుకే ‘లిటిల్స్ లా’ అంటారు. క్యూలో ఉన్నవాళ్ల సంఖ్య, నిమిషానికి ఎంతమంది వచ్చి పోతున్నారు, సగటున ఒక్కొక్కరు ఎంతసేపు నిలబడ్డారు.. ఈ మూడింటిలో రెండు తెలిస్తే మూడోది చెప్పేయొచ్చు. మీ క్యాంటీన్ క్యూలో 30 మంది ఉండి, నిమిషానికి ముగ్గురు కదులుతుంటే మీ వంతుకు 10 నిమిషాలు. ఇదే సూత్రాన్ని ఆసుపత్రి ఓపీలకూ, ఫ్యాక్టరీ లైన్లకూ, సర్వర్ మీద పడే రిక్వెస్టులకూ వాడతారు. సీఎస్ఈ వాళ్లకీ, మెకానికల్ వాళ్లకీ ఒకే సూత్రం పనికొచ్చే అరుదైన చోటు ఇది.

బాబాయ్ హోటల్ భయం వేరు

గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ 1942 నుంచి నడుస్తోంది. అక్కడ ఇడ్లీ ఒక్క వారం గట్టిబడితే చాలు, పొద్దున్నే వచ్చే పాత కస్టమర్లు మొహం మీదే అడిగేస్తారు. ఇంకో వారం అలాగే ఉంటే పక్క వీధికి వెళ్తారు. రోజూ వచ్చే కస్టమరే ఆ వంటగదికి క్వాలిటీ ఇన్‌స్పెక్టర్.

పార్కుకు ఆ భయం తక్కువ. వచ్చినవాళ్లలో చాలామంది మళ్లీ వచ్చేది ఏడాదికో రెండేళ్లకో. వాళ్లు వచ్చింది రైడ్ల కోసం. లోపలికి వెళ్లాక బయటకొచ్చి తిని మళ్లీ వెళ్లడం కష్టం. చాలా పార్కులు బయటి తిండిని అనుమతించవు. ఇలా పోటీ లేని చోట చిక్కిన గిరాకీని ఆర్థికశాస్త్రంలో ‘క్యాప్టివ్ మార్కెట్’ అంటారు. సినిమా హాల్లో పాప్‌కార్న్, ఎయిర్‌పోర్టులో దోసె, పార్కులో ఫ్రైడ్ రైస్.. అన్నీ ఈ కోవలోవే.

దీనికి రెండో వైపు కూడా చూడాలి. పార్కుకు గిరాకీ రోజూ ఒకేలా ఉండదు. ఎండాకాలం సెలవులు, సంక్రాంతి, వారాంతాల్లో కిటకిట. పరీక్షల సీజన్లో వెలవెల. అయినా వంటగది అద్దె, కోల్డ్ స్టోరేజీ కరెంటు బిల్లు, పర్మినెంట్ సిబ్బంది జీతాలు ఆగవు. బిజీ రోజుల్లో వచ్చిందాంతోనే ఖాళీ రోజులు నెట్టుకురావాలి. ప్లేటు ధరలో ఈ భారం కూడా కలిసే ఉంటుంది. కొన్ని పార్కులు ఫుడ్ స్టాళ్లను బయటి కాంట్రాక్టర్లకు ఇచ్చి అమ్మకాల్లో వాటా తీసుకుంటాయి. అప్పుడు ఒకే ప్లేటు మీద ఇద్దరికి లాభం మిగలాలి.

ఆసక్తి ఉంటే ఒక పని చేయండి. స్టాక్ మార్కెట్లో లిస్టయిన వండర్‌లా హాలిడేస్ వార్షిక నివేదికను డౌన్‌లోడ్ చేసుకోండి. టికెట్ల ఆదాయం, టికెటేతర ఆదాయం విడివిడిగా కనిపిస్తాయి. తిండి, షాపింగ్ లాంటివి ఈ రెండో దాంట్లోకే వస్తాయి. ఒక్కో సందర్శకుడి మీద సగటున ఎంత వస్తోందో మీరే లెక్కకట్టొచ్చు. గంటసేపు ఆ పేజీలు చదివి ఇంటర్వ్యూకు వెళ్లిన కుర్రాడికీ, వెబ్‌సైట్ హోమ్ పేజీ మాత్రమే చూసి వెళ్లినవాడికీ తేడా ప్యానెల్‌కి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

బండి మీద పునుగు.. ట్రేలో పునుగు

సాయంత్రం పూట మన ఊళ్లో పునుగుల బండి దగ్గర ఎందుకంత రష్? మూకుడులోంచి తీసిన పునుగు నిమిషంలో మన చేతిలో ఉంటుంది కాబట్టి. అదే పునుగుని మూత పెట్టిన ట్రేలో 40 నిమిషాలు ఉంచండి. లోపలి ఆవిరి బయటికొచ్చి పైపొరను మెత్తబరుస్తుంది. అదే పిండి, అదే నూనె.. రుచి మాత్రం గోవిందా!

వేలమందికి ఒకేసారి పెట్టాలంటే ముందే వండి ఉంచక తప్పదు. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం వేడిగా వడ్డించాల్సిన పదార్థాన్ని 60 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లగా ఉంచాల్సినదాన్ని 5 డిగ్రీల లోపు ఉంచాలి. మధ్యలో ఉంటే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం. భద్రత కోసం ఇది తప్పనిసరి. కానీ గంటల తరబడి వేడి మీదే ఉన్న బిర్యానీ అన్నం ఎండుతుంది, కూరగాయ ముక్క ఉడికి ఉడికి పీచవుతుంది. అందుకే పార్కు మెనూల్లో నిలవ ఉన్నా పెద్దగా చెడని వంటకాలూ, క్షణాల్లో వేయించి ఇచ్చేవీ ఎక్కువ కనిపిస్తాయి. ఫ్రైడ్ రైస్, నూడుల్స్, పిజ్జా, ఫ్రెంచ్ ఫ్రైస్.. ఊరేదైనా లిస్టు మాత్రం అదే.

కారం సంగతి వేరే. గుంటూరు నుంచి వచ్చినవాళ్లూ, గుజరాత్ నుంచి వచ్చినవాళ్లూ, చంటిపిల్లలూ ఒకే కౌంటర్ దగ్గర తినాలి. ఎవరికీ మరీ ఘాటు కాకుండా వండితే అందరికీ కాస్త చప్పగానే ఉంటుంది. ఆవకాయ, ఉలవచారు మీద పెరిగిన నాలుకకు ఆ చప్పదనం ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

ఫ్రెండ్స్‌తో ఒక పార్కుకు వెళ్లినప్పుడు నేనూ 50 నిమిషాలు నిలబడి గోరువెచ్చటి వెజ్ బిర్యానీ తిన్నవాడినే. దాని పేరు ఇక్కడ అనవసరం. మా ముందు క్యూలో గొడవ జరిగింది. తిట్లన్నీ పడింది కౌంటర్‌లో ఉన్న ఇరవై రెండేళ్ల కుర్రాడి మీద. మెనూ అతను రాయలేదు, కౌంటర్లు ఎన్నో అతను నిర్ణయించలేదు, ధర అతను పెట్టలేదు. బహుశా అది అతని మొదటి ఉద్యోగం. మన క్లాస్‌మేట్ లాంటివాడే. ప్లాన్ వేసినవాళ్ల లోపానికి ముందు నిలబడ్డవాళ్లు మాటలు పడటం ఈ రంగంలో రోజూ జరిగేదే. రేపు మీరు ప్లాన్ వేసే కుర్చీలో కూర్చుంటే గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

డిస్నీకే తప్పలేదు

1955 జులై 17న కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తొలిరోజు. ఆహ్వానాలకు నకిలీలు కూడా పుట్టి, అనుకున్నదానికంటే చాలా ఎక్కువ మంది జనం దూసుకొచ్చారు. తిండి అయిపోయింది. ప్లంబర్ల సమ్మె కారణంగా మంచినీళ్ల కుళాయిలు అన్నీ సిద్ధం కాలేదు. మరుగుదొడ్లా, కుళాయిలా అంటే మరుగుదొడ్లకే ఓటేశారు. కూల్‌డ్రింకులు అమ్ముకోవడానికే నీళ్లు ఇవ్వలేదని జనం తిట్టుకున్నారు.

1992 ఏప్రిల్ 12న పారిస్ దగ్గర యూరో డిస్నీ తెరిచినప్పటి కథ మేనేజ్‌మెంట్ క్లాసుల్లో ఇప్పటికీ చెబుతారు. యూరప్ వాళ్లు పొద్దున పెద్దగా తినరని అనుకున్నారు. హోటళ్లలో బ్రేక్‌ఫాస్ట్ హాళ్లు చిన్నవిగా కట్టారు. తీరా చూస్తే అందరూ వచ్చారు. 350 సీట్లున్న చోట 2,500 బ్రేక్‌ఫాస్ట్‌లు పెట్టాల్సి వచ్చింది. అమెరికన్లు నడుస్తూ ఎప్పుడు పడితే అప్పుడు ఏదో ఒకటి తింటారు. ఫ్రెంచివాళ్లు మధ్యాహ్నం 12.30కి కుదురుగా కూర్చుని తింటారు. అందరూ ఒకేసారి రెస్టరెంట్ల మీద పడ్డారు. భోజనంతోపాటు వైన్ తాగే దేశంలో పార్కు లోపల మద్యం అమ్మబోమన్నారు. 1993లో ఆ నిర్ణయం మార్చుకున్నారు.

ఆ పార్కు తొలి ఏళ్లలో నష్టపోవడానికి అప్పులు, వడ్డీలు లాంటి పెద్ద కారణాలు వేరే ఉన్నాయి. కానీ తిండి విషయంలో జరిగిన పొరపాటు మనకు సూటిగా అర్థమవుతుంది. వాళ్ల దగ్గర డబ్బుంది, అనుభవముంది. తినేవాళ్ల అలవాటు గురించి పెట్టుకున్న అంచనా మాత్రం తప్పింది. యాప్ కట్టినా, బ్రిడ్జి కట్టినా ‘వాడేవాళ్లు ఎలా వాడతారో నాకు తెలుసు’ అనుకోవడం దగ్గరే ప్రమాదం మొదలవుతుంది.

తర్వాత్తర్వాత డిస్నీ నేర్చుకుంది. 2017లో ఫ్లోరిడాలో మొబైల్ ఆర్డరింగ్ తెచ్చింది. రైడ్ క్యూలో ఉండగానే భోజనం ఆర్డర్ పెట్టి, సమయానికి వెళ్లి తీసుకోవచ్చు.

క్యూ నుంచి పుట్టిన పార్కు

దీనికి పూర్తిగా తిరగేసిన కథ కూడా ఉంది. కాలిఫోర్నియాలోని బ్యూనా పార్క్‌లో నాట్ దంపతులకు బెర్రీ పళ్ల తోట ఉండేది. 1934లో కార్డెలియా నాట్ తమ టీ రూమ్‌లో వేయించిన కోడి భోజనం పెట్టడం మొదలుపెట్టారు. తొలిరోజు ఎనిమిది ప్లేట్లు, ఒక్కోటి 65 సెంట్లు. రుచి నోటి మాటగా పాకింది. జనం గంటల తరబడి క్యూ కట్టడం మొదలైంది. నిలబడ్డవాళ్లకు కాలక్షేపం కావాలని వాల్టర్ నాట్ 1940లో పాత పశ్చిమ అమెరికా పట్టణంలా ‘ఘోస్ట్ టౌన్’ కట్టారు. అదే పెరిగి పెరిగి నాట్స్ బెర్రీ ఫామ్ అనే థీమ్ పార్కు అయింది. భోజనం బాగుండటం వల్ల పార్కు పుట్టిందన్నమాట!

ఈ మధ్యకాలపు ఉదాహరణ కావాలంటే 2010లో ఓర్లాండోలోని యూనివర్సల్ పార్కులో తెరిచిన హ్యారీ పాటర్ ప్రపంచం. కథలో పాత్రలు తాగే బటర్‌బీర్‌ని నిజంగా తయారుచేసి అమ్మారు. ఇప్పుడు దానికోసమే క్యూ కట్టేవాళ్లున్నారు. తిండి కూడా కథలో భాగమైతే అదే ఆకర్షణ అవుతుంది. మరి కృష్ణా తీరంలో ఒక పార్కు బందరు లడ్డూనీ, ఉలవచారునీ, వేడివేడి పునుగుల్నీ తన కథలోకి తెస్తే? బందరు లడ్డూకు 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఆలోచించాల్సిన బిజినెస్ ఐడియానే.

మన బంతి భోజనంలో ఇంజినీరింగ్

వేలమందికి రుచిగా పెట్టడం అసాధ్యమా? డెల్టాలో ఏ పెళ్లికైనా వెళ్లి చూడండి. గాడిపొయ్యి మీద గుండిగలు, వంటమేస్త్రి, వడ్డించే కుర్రాళ్లు. మొదటి బంతి లేచేసరికి రెండో బంతికి ఆకులు సిద్ధం. జనం కూర్చునే ఉంటారు, వంటకాలే వాళ్ల దగ్గరికి వస్తాయి. ఎవరూ ఆర్డర్ చెప్పక్కర్లేదు, అందరికీ ఒకే మెనూ. కాబట్టి కౌంటర్ దగ్గర పోయే 90 సెకన్లు ఇక్కడ సున్నా. ఎంతమంది వస్తారో ముందే ఒక అంచనా ఉంటుంది. కూర అడుగంటకముందే ఇంకో గుండిగ దిగుతుంది. ఇంజినీరింగ్ భాషలో దీన్ని ‘బ్యాచ్ ప్రాసెసింగ్’ అంటారు.

తిరుమలలో తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో విడతకు వేలమందికి వడ్డించేదీ ఈ పద్ధతిలోనే. అయితే అక్కడ భక్తుడు మెనూ అడగడు, డబ్బు కట్టడు. పార్కులో కట్టినవాడు ‘నాకు ఇది కావాలి’ అంటాడు. ఎంపిక పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. వేగం పెంచితే ఎంపిక తగ్గుతుంది. రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో తేల్చేవాళ్లకే జీతం.

ఇందులో కొలువులెక్కడ?

ఐటీ ఆఫర్ల కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ‘హోటల్ ఫీల్డా?’ అని పక్కకు పెట్టేస్తారు. వడ్డన ఒక్కటే కాదు, దాని వెనక చాలా పనులున్నాయి.

* ఆపరేషన్స్: కౌంటర్లు ఎన్ని, షిఫ్టులు ఎలా, అడ్డంకి ఎక్కడ. మెకానికల్, ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ వాళ్లకు దగ్గరి పని. ఎక్సెల్ బాగా రావాలి. పైథాన్‌లో సిమ్‌పై లాంటి లైబ్రరీతో క్యూని సిమ్యులేట్ చేయగలిగితే ఇంకా మంచిది.

* డేటా అనలిటిక్స్: రేపు ఎన్ని ప్లేట్లు వండాలి? టికెట్ బుకింగులు, వాతావరణం, స్కూళ్ల సెలవులు, పండగలు కలిపి అంచనా వేయాలి. తుపాను హెచ్చరిక ఉన్న రోజున ఎప్పట్లాగే వండితే మిగిలింది చెత్తబుట్టలోకే.

* సాఫ్ట్‌వేర్: బిల్లింగ్, కిచెన్ డిస్‌ప్లే, మొబైల్ ఆర్డరింగ్. పెట్‌పూజా, అర్బన్‌పైపర్, హంగర్‌బాక్స్ లాంటి భారతీయ కంపెనీలు ఈ రంగంలోనే ఉన్నాయి. స్విగ్గీ, జొమాటో సంగతి సరేసరి.

* ఫుడ్ టెక్నాలజీ: నిలవ, నాణ్యత, భద్రత. ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలో బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ కోర్సు ఉంది. పైచదువులకు తంజావూరు, కుండ్లీల్లోని నిఫ్టెమ్, మైసూరులోని సీఎఫ్‌టీఆర్ఐ ఉన్నాయి. ఎఫ్ఎస్ఎస్ఏఐ ‘ఫోస్టాక్’ పేరుతో ఫుడ్ సేఫ్టీ సూపర్‌వైజర్ శిక్షణ కూడా ఇప్పిస్తుంది.

* హాస్పిటాలిటీ: ఇంటర్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే ఎన్‌సీహెచ్ఎం జేఈఈ గురించి చెప్పండి. హోటల్ మేనేజ్‌మెంట్ ప్రభుత్వ సంస్థల్లో చేరడానికి ఆ పరీక్షే దారి.

తీపి మాటలే చెప్పి వదిలేయడం న్యాయం కాదు. ఈ రంగంలో అందరికీ సెలవైన రోజే మనకు పని రోజు. సంక్రాంతికి ఇంటికి రావడం కుదరకపోవచ్చు. ఆఫర్ తీసుకునే ముందు వారాంతపు సెలవు, షిఫ్టు గంటలు, ఓవర్‌టైమ్, వసతి, భోజనం, బాండు గురించి రాతపూర్వకంగా అడగండి. ఉద్యోగం ఇస్తామని ముందే డిపాజిట్ కట్టమన్నారంటే ఇంకేం ఆలోచించకుండా వెనక్కి వచ్చేయండి.

ప్యానెల్ అడిగితే ఏం చెబుతారు?

‘మా పార్కులో భోజనం మీద ఫిర్యాదులు పెరుగుతున్నాయి. మీరైతే ఏం చేస్తారు?’ ఇలాంటి ప్రశ్న ఆపరేషన్స్, ప్రొడక్ట్, కన్సల్టింగ్ ఇంటర్వ్యూల్లో ఏదో ఒక రూపంలో రావొచ్చు. ‘మంచి చెఫ్‌ని పెడతాను సార్’ అంటే అక్కడితో కథ ముగిసినట్టే. ఇలా వెళ్లండి.

ముందు ప్రశ్నను విడగొట్టండి. బాలేదంటే ఏంటి? రుచా, ధరా, ఆలస్యమా, వేడి లేకపోవడమా, శుభ్రతా? ఫిర్యాదుల్ని ఈ ఐదు పెట్టెల్లో వేయమని అడగండి. తర్వాత సమయం చూడండి. రోజంతా వస్తున్నాయా, 1 నుంచి 2 మధ్యలోనేనా? ఆ గంటలోనే అయితే వంటవాడి కంటే ముందు క్యూని అనుమానించాలి. ఆపైన తక్కువ ఖర్చుతో ఒక ప్రయోగం చెప్పండి. ఉదాహరణకు 12 గంటల లోపు తినేవాళ్లకు రాయితీ, లేదా ఒక్క కౌంటర్‌లో నాలుగు వంటకాలతో చిన్న మెనూ. చివరగా ఫలితాన్ని ఎలా కొలుస్తారో చెప్పండి. సగటు నిరీక్షణ, ప్లేటులో మిగిలిపోయిన తిండి, వంద ఆర్డర్లకు ఎన్ని ఫిర్యాదులు. జవాబు పరిపూర్ణంగా ఉండక్కర్లేదు. మీరు ఆలోచించే వరస కనిపిస్తే చాలు.

వారం రోజుల్లో సొంత ప్రాజెక్టు

ఇంటర్నెట్‌లో దొరికే ప్రాజెక్టుల్నే అందరూ రెజ్యూమెలో పెడుతున్నారు. మీ కాలేజీ క్యాంటీన్‌నే ల్యాబ్‌గా మార్చుకోండి. పైసా ఖర్చు లేదు.

1. క్యాంటీన్ యజమానిని ముందు అనుమతి అడగండి. తప్పులు పట్టడానికి కాదు, నేర్చుకోవడానికని చెప్పండి.

2. ఐదు పనిదినాలు లంచ్ గంటలో ఫోన్ స్టాప్‌వాచ్‌తో కూర్చోండి. క్యూలోకి వచ్చిన సమయం, డబ్బు కట్టిన సమయం, ప్లేటు అందిన సమయం రాసుకోండి. పేర్లు అక్కర్లేదు.

3. ఎక్సెల్‌లో గ్రాఫ్ గీయండి. ఏ పది నిమిషాల్లో రద్దీ ఎక్కువ? ఆలస్యం డబ్బు కట్టే చోటా, వంటగదిలోనా?

4. ఒక్క మార్పు ప్రతిపాదించండి. టోకెన్ ముందే ఇవ్వడం, చిల్లర ఇబ్బంది లేకుండా క్యూఆర్ కోడ్ కాస్త ముందుకు జరపడం, అడిగేది ఎక్కువగా మీల్స్ అయితే దానికో ప్రత్యేక లైను.

5. వీలైతే రెండు రోజులు అమలు చేసి మళ్లీ కొలవండి. రెండు పేజీల నివేదిక రాయండి. ఒక కాపీ క్యాంటీన్ వాళ్లకు ఇవ్వండి.

రెజ్యూమెలో ‘సమస్యలు పరిష్కరించే నైపుణ్యం ఉంది’ అని రాసే బదులు ‘కాలేజీ క్యాంటీన్‌లో ఐదు రోజులు నిరీక్షణ సమయం కొలిచి, అడ్డంకి ఎక్కడుందో గుర్తించి, టోకెన్ పద్ధతి ప్రతిపాదించాను’ అని రాయండి. మీకు నిజంగా వచ్చిన అంకెలే వేయండి. తగ్గకపోతే తగ్గలేదనే రాయండి. ఎందుకు తగ్గలేదో చెప్పగలిగితే అది ఇంకా మంచి ఇంటర్వ్యూ అవుతుంది.

బిల్లు చేతికొచ్చాక..

* బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉందో లేదో చూడండి. 2022 జనవరి 1 నుంచి ఇది తప్పనిసరి.

* సర్వీస్ ఛార్జి కట్టడం మన ఇష్టం. వినియోగదారుల రక్షణ కేంద్ర ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది.

* కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు, రెస్టరెంట్లు నీళ్ల సీసాను ఎమ్మార్పీ కంటే ఎక్కువకు అమ్మొచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. కాబట్టి వాదనకు దిగే ముందు అది దుకాణమా, రెస్టరెంటా చూసుకోండి.

* సినిమా హాళ్ల యజమానులు బయటి తిండిని వద్దనవచ్చనీ, అయితే శుభ్రమైన తాగునీరు ఉచితంగా ఇవ్వాలనీ సుప్రీంకోర్టు 2023 జనవరిలో తీర్పిచ్చింది. అది హాళ్లకు సంబంధించిన తీర్పు. పార్కుకు వెళ్లేముందు ఆ పార్కు నిబంధనలు చదువుకోవడం మేలు.

* తిండి పాడైపోయినా, బిల్లులో మోసం అనిపించినా బిల్లు, ఫొటో దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. కౌంటర్ కుర్రాడిని తిట్టడం కంటే ఇది పనిచేస్తుంది.

‘బాలేదు’ అని వదిలేస్తే అది ఫిర్యాదుగానే మిగిలిపోతుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎంత బాలేదో రాసుకున్నవాడి దగ్గర డేటా ఉంటుంది. ఎందుకు బాలేదో, ఏం మారిస్తే బాగుంటుందో చెప్పగలిగినవాడి కోసమే ఎక్కడో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఈ సోమవారం క్యాంటీన్‌కి వెళ్లేటప్పుడు స్టాప్‌వాచ్ ఆన్ చేయండి.